ఇంట్లో మనిషి మునుపటిలా లేకపోతే: గుర్తించడం నుంచి డాక్టరు దాకా

మా ఒంగోలు, కందుకూరు వైపు "నాకు డిప్రెషన్" అంటూ ఆసుపత్రికి వచ్చేవాళ్లు తక్కువ. గుండె దడ అంటారు, అరికాళ్ల మంటలంటారు, గ్యాస్ పైకి తంతోందంటారు. ఈసీజీ తీస్తే నార్మల్. ఎండోస్కోపీ చేస్తే నార్మల్. నెల్లూరు వెళ్లి తలకు స్కాన్ తీయించినా నార్మలే. చివరికి ఎవరో ఒకరు "నరాల బలహీనత" అని బలానికి ఇంజెక్షన్లు పొడుస్తారు. ఫైలు లావెక్కుతుంది, మనిషి చిక్కిపోతాడు. రిపోర్టులన్నీ బాగున్నా బాధ తగ్గట్లేదంటే, ఇక మనసు సంగతి చూడాలి.

మొదట: పాత మనిషితో పోల్చండి

పక్కింటివాళ్లతో కాదు, ఆ మనిషినే ఆరు నెలల కిందటి మనిషితో పోల్చి చూడండి. మా పెద్దమ్మ తెల్లారి ఐదింటికే కళ్లాపి చల్లి ముగ్గేసేది. ఒక ఏడు ధనుర్మాసంలో వాకిలి బోసిగా ఉంది. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాం. చేపల పులుసులో రెండుసార్లు ఉప్పు మరిచిపోతే వయసు అనుకున్నాం. శివరాత్రి దాటాక డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన అడిగిన మొదటి మాట, "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" పెద్దవాళ్లం ముఖాలు చూసుకున్నాం. మనవరాలు చెప్పింది: "నాయనమ్మ ముగ్గు మానేసినప్పట్నుంచి."

రెండో పని: క్యాలెండరు మీద రాయండి

గోడ క్యాలెండరు చాలు. రోజూ ఎన్ని గంటలు నిద్రపోయారు, తిన్నారా, స్నానం చేశారా, పనికి వెళ్లారా, వింతగా ఏమైనా అన్నారా అని ఒక్క ముక్క రాయండి. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, "నా వల్ల మీకందరికీ బరువు" అనే మాటలు రెండు వారాలు దాదాపు రోజూ కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, చచ్చిపోతున్నాననిపించి పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత తగ్గిపోవడం పానిక్ అటాక్ కావచ్చు. అయితే మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించకుండా అలా తేల్చేయకండి. నిద్రలేకపోయినా అలసట లేకుండా, ఎడతెగకుండా మాట్లాడుతూ, అప్పు చేసి మరీ ఖర్చుపెట్టడం ఇంకో రకం. ఎవరూ లేకుండానే గొంతులు వినపడటం, అన్నంలో విషం కలిపారని కంచం తోసేయడం లాంటివి కనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, వెంటనే చూపించండి. జబ్బు పేరు మీరు పెట్టక్కర్లేదు, అది డాక్టరు పని.

ఒక్క రోజు కూడా ఆగకూడనివి

చావు మాట ఎత్తితే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. మనవి సేద్యం చేసే ఇళ్లు కాబట్టి పురుగుమందు డబ్బాలు ఆ రోజే వేరే ఇంటికి చేర్చి తాళం వేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసి వణుకుతూ అయోమయంగా మాట్లాడినా, ముసలివాళ్లు జ్వరంలో ఒక్క రోజులోనే మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా 108కి ఫోన్ చేయండి. అవి ప్రాణం మీదికి రావచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

ఇల్లు కదలకుండా మొదలుపెట్టాలంటే టెలీ మానస్ 14416, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే ఒంగోలు రిమ్స్‌లో, నెల్లూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఉదయమే వెళ్లండి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తారు. చాలామందికి ఇద్దరూ కావాలి.

మనిషిని ఒప్పించడమే అసలు కష్టం. "పిచ్చి డాక్టరు" అన్న మాట ఇంట్లో వినపడకూడదు. షుగర్ టెస్టుకని అబద్ధం చెప్పి తీసుకెళ్లడం కూడా నాకు నచ్చదు. గేటు దగ్గర తెలిసిపోతే మళ్లీ రారు. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపించుకుందాం" అనండి. అది నిజమే కదా.

ఏఎస్ పేట దర్గాకో కసుమూరుకో వెళ్తామంటే నేను వద్దనను. అక్కడ కూర్చుంటే ఊరట దొరికేవాళ్లున్నారు. జేబులో మాత్రలు మాత్రం ఉండాలి. మనిషిని గొలుసులతో కట్టడం ఎక్కడైనా సరే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

మందులు మొదలయ్యాక

థైరాయిడ్, బి12 పరీక్షలు రాస్తే చేయించండి, అవి తేడాగా ఉన్నా దిగులు, నీరసం వస్తాయి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారంగా ఉందని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకుండా డాక్టరుకి చెప్పండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు వేరు, వాటికి అలవాటు పడతారు.

రెండో విజిట్‌కి క్యాలెండరు తీసుకెళ్లండి. మా పెద్దమ్మ క్యాలెండరులో ఆరో వారం గడిలో వదిన రాసింది: "పులుసులో పులుపు చాల్లేదని నన్ను తిట్టింది."