ర్యాంక్ కదలడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

వాలొరెంట్ (అయిదుగురు అయిదుగురితో తలపడే కంప్యూటర్ షూటింగ్ గేమ్) లాంటి టీమ్ గేములు ఆడే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల నోట ర్యాంక్ గురించి వినిపించే ఫిర్యాదులు అయిదారే. చాలావాటికి మూలం ఒకటే. ర్యాంక్ అంటే గేమ్ ఇచ్చే బహుమతి అనుకుంటాం. నిజానికి అది గేమ్ మీ మీద వేసుకున్న అంచనా. ఆ అంచనా మీద దానికీ కొంత అనుమానం ఉంటుంది.

ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవాళ్లకి ఒక మాట. అక్కడి టియర్ల, అంటే ర్యాంక్ మెట్ల, లెక్క వేరు. ఎంతసేపు బతికారు, ఎన్నో స్థానంలో నిలిచారు, ఎన్ని కిల్స్ చేశారు అన్నదాన్ని బట్టి పాయింట్లు పోగవుతాయి. ఓపిగ్గా ఆడేవాడు పైకి పోతాడు. అక్కడ పైమెట్టు ఏస్‌లో ఉన్నవాడు వాలొరెంట్‌లో కింది మెట్టు సిల్వర్‌లో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

"గెలిస్తే పద్నాలుగు పాయింట్లొస్తాయి, ఓడితే ఇరవై రెండు పోతాయి. ఏటి బావా ఇది?"

వాలొరెంట్‌లో ఇది మామూలు గొడవ. అక్కడ కనిపించే ర్యాంక్ ఒకటి, లోపల దాచిన అంకె ఇంకొకటి. లోపలిదాన్ని ఎంఎంఆర్ అంటారు. మీకు ఎవరిని ఎదురు నిలపాలో తేల్చేది అదే. లోపలి అంకె ర్యాంక్ కంటే కిందుంటే, గెలిచినప్పుడు తక్కువిచ్చి ఓడినప్పుడు ఎక్కువ లాగుతూ ర్యాంక్‌ని కిందికి దించుతుంది.

ఈ పద్ధతికి పునాది చదరంగంలో ఉంది. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసరైన అర్పాద్ ఎలో తయారుచేసిన లెక్కని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు వంద ఆటల్లో సుమారు 76 పాయింట్లు (గెలుపుకి ఒకటి, డ్రాకి అర) తెచ్చుకుంటాడని ఆ లెక్క ముందే చెబుతుంది. 400 తేడా ఉంటే సుమారు 91. ఆట అయ్యాక, ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య తేడా ఎంత పెద్దదైతే అంకె అంత ఎక్కువ కదులుతుంది. గెలుస్తాడనుకున్నవాడు గెలిస్తే పెద్దగా ఏమీ రాదు.

దీన్ని మార్చే సెట్టింగ్ ఏదీ లేదు. ర్యాంక్ పేరుని కాసేపు వదిలేసి, గెలిస్తే వచ్చేదీ ఓడితే పోయేదీ నోట్ చేసుకుంటూ పోండి. ఆ రెండూ దగ్గరవుతుంటే లోపలి అంకె, ర్యాంక్ కలుస్తున్నట్టు. కొత్త అకౌంట్ తెరవడం దండగ. మొదట్లో గేమ్‌కి అనుమానం ఎక్కువ కాబట్టి అంకె గబగబా కదులుతుంది, తర్వాత పాత చోటుకే వచ్చి ఆగుతుంది.

"టాప్ ఫ్రాగ్ నేనే, ఎక్కువ కిల్స్ నావే. అయినా పాయింట్లు పోయాయి"

వెయిట్‌లిఫ్టింగ్ చూడండి. కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. రాడ్ మీద ఎంత ఉందో అదే ఆమె బలం. విజయనగరం జిల్లా కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ ప్రాక్టీస్ చేసే పిల్లలకీ అంతే, మధ్యలో ఎవరి అంచనాతోనూ పని లేదు. అయిదుగురి టీమ్‌లో ఆ సుఖం లేదు. పది మంది ఆడితే చేతికొచ్చే సాక్ష్యం ఒకటే, ఎవరు గెలిచారు అన్నది. దాని నుంచి పదిమంది బలాన్నీ వెనక్కి లెక్కగట్టాలి.

ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ కోసం మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చేసిన ట్రూస్కిల్ అనే లెక్క ఈ చిక్కుని ఇలా విప్పింది. ప్రతి ఆటగాడికీ రెండు అంకెలు, అంచనా ఒకటి, అనుమానం ఒకటి. కొత్తవాడి అంచనా 25, అనుమానం 8.33. అనుమానాన్ని మూడింతలు చేసి అంచనాలోంచి తీసేస్తే మిగిలేది చూపిస్తారు, అందుకే కొత్తవాడు సున్నా దగ్గర మొదలవుతాడు. టీమ్ బలం అంటే సభ్యుల బలాల మొత్తం. గెలిచాక, ఎవరి మీద అనుమానం ఎక్కువో వాళ్ల అంకె ఎక్కువ కదులుతుంది. ఈ మూల లెక్కలో కిల్స్ ఊసే లేదు. వాలొరెంట్ సొంత ఆటకీ కొంత విలువిస్తుంది గానీ పెద్ద వాటా గెలుపోటములదే. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. కిల్స్‌కే పాయింట్లిస్తే స్పైక్ అనే బాంబుని డిఫ్యూజ్ చేయాల్సినవాడు కూడా తుపాకీ పట్టుకుని పరిగెడతాడు.

కాబట్టి మీ కిల్స్ ఎప్పుడొస్తున్నాయో చూడండి. రౌండ్ తేలకముందు వచ్చాయా, ఓడిపోయాక పారిపోయేవాళ్లని ఏరుకున్నవా? రెండో రకమైతే స్కోర్‌బోర్డ్ మీకు అబద్ధం చెబుతోంది.

"యాభై శాతం దగ్గర ఆగిపోయాను. గేమ్ కావాలనే ఓడిస్తోంది"

సమానమైనవాళ్లని ఎదురు నిలిపితే సగం గెలుపులే వస్తాయి. మీ చోటు దొరికిందని దానికి అర్థం. ఇక "నాకెప్పుడూ చెత్త టీమే" అనే మాట. చెత్తగా ఆడేవాడు పడటానికి మీ వైపు నాలుగు కుర్చీలే ఖాళీ, అవతల అయిదు. మీరు బాగా ఆడేవాళ్లైతే ఎక్కువ మ్యాచ్‌ల మీద ఆ లెక్క మీవైపే ఉంటుంది.

ఎక్కువ అంటే నిజంగా ఎక్కువే. మీ అసలు సత్తా నూటికి 55 గెలుపులు అనుకుందాం, అంటే పైకి పోవాల్సినవారే. అయినా ఇరవై మ్యాచ్‌ల్లో ఎనిమిదో అంతకంటే తక్కువో గెలిచే అవకాశం దాదాపు 13 శాతం. శని, ఆదివారాలు ఆడి "నా పనైపోయింది" అనేవాళ్లలో కొందరి పని అస్సలు అవలేదు. వంద మ్యాచ్‌లకి తక్కువైతే తీర్పు చెప్పుకోకండి. ఆ వందలో ఏజెంట్లని (మీరు ఎంచుకునే పాత్రల్ని) ఒకరిద్దరికి మించి మార్చకండి, వరసగా మూడు ఓడితే లేచి టీ తాగి రండి.

"సెలవుల తర్వాత వస్తే అంకె పిచ్చిగా ఊగుతోంది"

ఆడకపోతే అనుమానం పెరుగుతుంది. మార్క్ గ్లిక్‌మన్ 1995లో చేసిన గ్లికో పద్ధతిలో ఇది ముఖ్యమైన మెలిక. డోటా 2 అనే టీమ్ గేమ్ కూడా 2023లో గ్లికోకి మారింది. కొన్ని మ్యాచ్‌లు ఆడండి, సర్దుకుంటుంది.

"ఫ్రెండ్స్‌తో ఆడితే అవతలివాళ్లు మరీ గట్టిగా తగులుతున్నారు"

మీలో ఒకడు పైమెట్టు డైమండ్, మిగతావాళ్లు కింది మెట్టు బ్రాంజ్ అయితే అతని బలమూ లెక్కలోకి వస్తుంది, అవతల అంత బరువున్నవాళ్లు దిగుతారు. వాలొరెంట్ ర్యాంకెడ్‌లో నలుగురి జట్టు కుదరదు. అయిదుగురి మధ్య తేడా మరీ ఎక్కువైతే వచ్చే పాయింట్లలో కోత పడుతుంది. ర్యాంక్ కావాలంటే మీ స్థాయివాడొకడితో డ్యుయోగా, ఇద్దరే వెళ్లండి. సరదా కావాలంటే అందరూ కలిసి ర్యాంక్ లెక్క లేని అన్‌రేటెడ్ ఆడండి.

"మధ్యలో కరెంటు పోయింది, నెట్ పోయింది, ర్యాంకూ పోయింది"

గేమ్‌కి మీ చెయ్యి, మీ రూటర్ వేరువేరుగా కనిపించవు. ఓడితే ఓటమే, మధ్యలో వదిలేస్తే పెనాల్టీ కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసిన ఉద్దానం వాళ్లకి కరెంటు గురించి నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండి రూటర్‌కి లేకపోతే లాభం లేదు, రూటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ విడిగా దొరుకుతుంది. వోల్టేజి మాత్రం మీ అడాప్టర్ మీద చూసి కొనండి. అయినా నెట్ పోతుంటే మీ వీధి కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉందో లేదో అడగండి. అది లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి, వెంటనే మళ్లీ మ్యాచ్‌లో చేరొచ్చు.

ల్యాగ్ సంగతికొస్తే, వైఫై మానేసి లాన్ కేబుల్ పెట్టండి. సర్వర్ ముంబైది ఎంచుకున్నారో లేదో చూసుకోండి. ర్యాంకెడ్ నొక్కే ముందు ర్యాంక్ లెక్క లేని డెత్‌మ్యాచ్ ఒకటి ఆడి పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) గమనించండి. స్థిరంగా 60 ఉంటే ఆడొచ్చు. 40కీ 150కీ మధ్య ఊగుతుంటే ఆ రాత్రికి అన్‌రేటెడ్ చాలు.