టైర్ల ఆట, నిమ్మకాయ వేషం: మా స్టాలు ఎలా పెట్టామంటే

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి టైర్ల షాపు పెట్టాడు. ఓపెనింగ్‌కి బెలూన్లు, మైకు ఎలాగూ ఉంటాయి, కానీ వాటికి ఎవరూ బండి ఆపరు. అందుకని షాపు ముందు ఒక టైర్లు పేర్చే ఆట, లోపల మనిషి దూరే ఒక వేషం బొమ్మ పెట్టాం. ఇలాంటిది మీరూ పెట్టాలనుకుంటే మేము పడ్డ పాట్లు చదవండి.

ముందు బొమ్మ. "ఒరేయ్, ఆ తెల్లటి టైర్ల మనిషి ఉంటాడే, అలాంటిది చేయించరా" అన్నాడు బాబాయి. "అది మిషలిన్ టైర్ల కంపెనీ వాళ్ల బొమ్మ బాబాయ్, కేసు పడుద్ది" అన్నాను. ఆ బొమ్మ పుట్టిందీ పేర్చిన టైర్ల నుంచే. 1894లో ఫ్రాన్స్‌లోని లియాన్ ఎగ్జిబిషన్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టిన టైర్లను చూసి, దీనికి చేతులు తగిలిస్తే మనిషే అని ఆ కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఎడ్వర్డ్ మిషలిన్ తన అన్న ఆంద్రేతో అన్నాడట. 1898లో పోస్టరెక్కింది. మరి మన బొమ్మ ఎక్కణ్ణుంచి రావాలి? మన లారీలకు ముందు వేలాడేది నిమ్మకాయ, మిరపకాయలే కదా. పచ్చటి నిమ్మకాయ ఒళ్లు, నెత్తిన ఏడు ఎర్ర మిరపకాయలు. పేరు నిమ్మయ్య. ఈ మిరపకాయలు మా గుంటూరువి అని పిల్లలకు చెప్పుకున్నా బాగానే ఉండేది.

ఇక ఆట. గేమ్ జోన్లలో స్టాకర్ అని, లైట్లు ఒకదాని మీద ఒకటి పేర్చే మిషన్ చూసే ఉంటారు. ఏడు నిలువు గడులు, పదిహేను వరసలు. అడుగు వరసలో మూడు లైట్లు అటూ ఇటూ పరిగెడతాయి, బటన్ నొక్కితే ఆగుతాయి. తర్వాత దాని పై వరస మొదలవుతుంది, కింది లైట్ల మీద సరిగ్గా నిలవని ముక్క తెగిపోతుంది. పైకి పోయేకొద్దీ ముక్కలు తగ్గుతాయి, వేగం పెరుగుతుంది. పదకొండో వరసలో చిన్న బహుమతి, పదిహేనులో పెద్దది. ఆ పెద్దది ఎంత తరచుగా ఇవ్వాలో యజమాని లోపల మార్చుకోవచ్చు. మనం అలా చేయొద్దు. స్టాలుకొచ్చేది కొనే మనిషి, కాయిన్ వేసే మనిషి కాదు.

మా పిన్ని కొడుకు బీటెక్. రెండు రాత్రులు కూర్చుని లైట్ల బదులు టైర్లు కదిలేట్టు ప్రోగ్రాం రాశాడు. టీవీకి పెద్ద ఎర్ర బటన్ తగిలించాం. మొదటి రోజు పై వరసల్లో సెకనుకి పన్నెండు గడుల వేగం పెట్టాం. ఆరో వరస ఎవరూ దాటలేదు. బహుమతులు మిగిలాయని బాబాయి మురిసిపోయాడు. ఏడింటికల్లా స్టాలు ఖాళీ! మర్నాడు మార్చాం: పది వరసలే, అడుగున సెకనుకి మూడు గడులు, పైన ఎనిమిది. కన్ను చూశాక చెయ్యి కదలడానికి సెకనులో పావు వంతు పోతుంది. ఎనిమిది గడుల వేగంలో అంటే రెండు గడులు జారిపోయినట్టే. అందుకే ఆడేవాళ్లకి ఒక చిట్కా చెప్పండి: కదిలే టైరును చూడొద్దు, కింద ఆగిన టైరునే చూస్తూ తాళం లెక్కపెట్టి నొక్కమనండి. చెప్పాక చాలామంది ఎనిమిదో వరస దాకా వెళ్లారు. అక్కడే కీచైన్ ఇచ్చేశాం. పదిదాకా వెళ్లినవాళ్లకి వీల్ అలైన్‌మెంట్ ఉచితం.

అసలు కష్టం నిమ్మయ్య లోపల ఉన్నవాడిది. మొదటి పూట వాడు నేనే. మే నెల బెజవాడ ఎండ వేరే చెప్పాలా? లోపల అంతా ఫోమ్, గాలి ఉండదు, కాళ్లు కనపడవు. పదిహేను నిమిషాలు వేస్తే అరగంట విశ్రాంతి. ఇద్దరు మార్చి మార్చి వేసుకోవాలి. నెత్తికి తడి తువ్వాలు, వేషానికి ముందు మజ్జిగ, తర్వాత ఓఆర్ఎస్. పక్కన చెయ్యి పట్టుకుని నడిపించేవాడు తప్పనిసరి, మెట్లు వాడే చూడాలి. 2009 ఐపీఎల్‌లో వచ్చిన వోడాఫోన్ ప్రకటనల్లో తెల్లటి జూజూ బొమ్మలు యానిమేషన్ అనుకున్నాం అందరం. కాదు, వాటిలో ఉన్నది సన్నటి మనుషులట. వాళ్లకి నేనిప్పుడు దండం పెడతాను.

వేషంలో ఉన్నప్పుడు చిన్నపిల్లల దగ్గరికి మీరు వెళ్లకండి, ఏడుస్తారు. కూర్చోండి, వాళ్లే వస్తారు. లోపలి నుంచి మాట్లాడొద్దు, ఎంత గుచ్చి అడిగినా సరే. రాత్రి వేషం తిరగేసి ఫ్యాన్ కింద ఆరేయాలి, లేకపోతే మర్నాడు వాసనకి వేసుకునేవాడు పారిపోతాడు.

ఇంకొకటి. విశ్రాంతికైనా సరే, వేషం తల తీసేది షట్టర్ దించిన గదిలోనే. రెండో రోజు షాపు వెనక చాటున తీసి మజ్జిగ తాగుతుంటే ఒక బుడ్డోడు చూసి, "నాన్నా, నిమ్మకాయలో మామయ్య ఉన్నాడు!" అని ఆటోనగర్ అంతా వినపడేలా అరిచాడు.