ఎయిర్ పిస్టల్‌కు సరైన పెల్లెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఎయిర్ పిస్టల్ ఎంత ఖరీదైనదైనా, దాని బ్యారెల్‌కు (గుండు దూసుకుపోయే గొట్టానికి) నప్పని పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, వేస్తే గుళ్లు ఒకచోట పడవు. ఏది నప్పుతుందో డబ్బా మీది ధర గానీ, తోటి షూటర్ల సిఫారసు గానీ చెప్పలేవు. ఒకే కంపెనీ ఒకే మోడల్‌గా చేసిన రెండు పిస్టళ్లు కూడా వేర్వేరు పెల్లెట్లతో మంచి ఫలితం ఇవ్వవచ్చు. అందువల్ల కర్నూలులో ఉండి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ఒకే రకాన్ని పెద్ద ఎత్తున కొనేయకుండా, మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా తెప్పించి పరీక్షించుకోవడం మేలు.

ముందుగా ఆకారం చూడాలి. 10 మీటర్ల కాగితపు టార్గెట్‌కు 4.5 మిల్లీమీటర్ల (0.177 అంగుళాల), ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కటర్ పెల్లెట్ తప్ప మరొకటి అక్కర్లేదు. అది కాగితాన్ని గుండ్రంగా కోసినట్లు తొలుస్తుంది కనుక, టార్గెట్ వలయపు గీతను తాకిందా లేదా అన్న తగవు రాదు. మొనదేలిన పెల్లెట్లు చూపుకు ఘనంగా ఉన్నా కాగితాన్ని చింపుతాయి.

బరువు విషయానికొస్తే, పిస్టల్‌కు 7 గ్రెయిన్లు (సుమారు 0.45 గ్రాములు), రైఫిల్‌కు 8.2 గ్రెయిన్లు (సుమారు 0.53 గ్రాములు) అని తయారీదారులు సాధారణంగా విడదీసి అమ్ముతారు. తొలి అంచనాకు అది చాలు.

అంతకంటే ముఖ్యమైనది తల వ్యాసం. మేలురకం డబ్బాల మీద 4.48, 4.49, 4.50 వంటి అంకెలు (మిల్లీమీటర్లలో) ముద్రించి ఉంటాయి. పెల్లెట్ తల బ్యారెల్ లోపలి మెలికల గాళ్ల అంచుల మీద ఆనుకొని సాగుతుండగా, స్కర్ట్ అని పిలిచే పలుచని వెనుక అంచు గాలి ఒత్తిడికి విచ్చుకొని సందులను మూసివేస్తుంది; తల వదులైతే పెల్లెట్ బ్యారెల్‌లో నిలకడగా నడవదు. మిల్లీమీటరులో నూరో వంతు తేడా కంటికి ఆనదు గానీ వేలికి కొంత తెలుస్తుంది. బొటనవేలితో నెట్టకముందే జారిపోతే వదులని, గట్టిగా అదిమితే గానీ కూర్చోకపోతే బిగువని అనుకోవచ్చు.

ఇక అసలు పరీక్ష. పిస్టల్‌ను బరువైన బల్లకు వైస్‌తో (వస్తువును కదలకుండా పట్టి ఉంచే బిగింపు పనిముట్టుతో), మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టి బిగించాలి. బేతంచెర్ల నాపరాయి పరిచిన బల్ల ఉంటే అది కదలదు. అదే నాపరాయి గోడకు ఉంటే మాత్రం దాని మీద నేరుగా టార్గెట్ అంటించవద్దు, ఎందుకంటే పెల్లెట్ ఎగిరి వెనక్కి వస్తుంది. పెల్లెట్లను పట్టి ఆపే ఇనుప పెట్టె, కళ్లద్దాలు తప్పనిసరి. రకం మార్చినప్పుడల్లా మొదటి పదిపదిహేను గుళ్లను లెక్కలోకి తీసుకోకుండా, ఆ తర్వాత ఒక్కో రకంతో ఐదేసి గుళ్ల గ్రూపులు కనీసం నాలుగు కొట్టాలి. ఒక్క గ్రూపు చక్కగా వచ్చిందని తీర్పు చెప్పకూడదు, అది కేవలం అదృష్టం కావచ్చు. అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి 4.5 మిల్లీమీటర్లు తీసివేస్తే గ్రూపు పరిమాణం సుమారుగా వస్తుంది; అది ఎంత చిన్నదైతే ఆ పెల్లెట్ అంత నప్పినట్లు. గ్రూపు టార్గెట్‌లో ఎక్కడ పడిందన్నది ఇప్పుడు పట్టించుకోవద్దు, దానిని సైట్లతో (పిస్టల్ మీది గురి చూసే భాగాలతో) సరిచేసుకోవచ్చు.

కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసే పిస్టల్ అయితే, కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో గ్యాస్ ఒత్తిడి, దానితో గుండు వేగం పెరుగుతాయి కనుక, మీరు రోజూ సాధన చేసే వేళలోనే పరీక్షించండి.

ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, గీతను తాకినా పదే కనుక, గుండు కేంద్రం నడిమధ్య నుంచి సుమారు 8 మిల్లీమీటర్ల దూరంలో పడినా పదే వస్తుంది. కాబట్టి కొత్తవారు రెండు రకాల మధ్య ఒక మిల్లీమీటరు తేడా కోసం నెలలు వెచ్చించడం దండగ, వారి చేతి వణుకు అంతకంటే ఎక్కువే. పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూచి వేరుచేయడం కూడా నా దృష్టిలో కాలక్షేపమే. దానికి బదులు స్కర్ట్ వంగినవాటిని ఏరి పారేయడం ఎక్కువ పనికొస్తుంది. సీసం కనుక పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రకం తేలాక, డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకొని అదే నంబరువి ఏడాదికి సరిపడా తెప్పించుకోండి. బ్యాచ్ మారితే పేరు అదే అయినా మళ్లీ నాలుగు గ్రూపులు కొట్టి చూసుకోవాలి.