టైప్-సి పెట్టినా మానిటర్‌లో బొమ్మ రావట్లేదా? డ్రైవర్ జోలికి వెళ్లకముందే ఇవి చూడండి

ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ తగిలించాక "నో సిగ్నల్" కనబడిందంటే చాలామంది రెండు పనులు చేస్తారు. ఒకటి, గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేయడం. రెండోది, మానిటర్‌కి బొమ్మ పంపే రెండు రకాల కనెక్షన్లలో హెచ్‌డీఎంఐ గొప్పదా డిస్‌ప్లేపోర్ట్ గొప్పదా అని వాదనకు దిగడం. ముందు మానిటర్ బటన్ నొక్కి, ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో చూడండి. కేబుల్ డిస్‌ప్లేపోర్ట్‌లో ఉంటుంది, మానిటర్ మాత్రం హెచ్‌డీఎంఐ-1 దగ్గర కూర్చుని ఉంటుంది. "ఆటో" అని ఉన్నా నమ్మకుండా చేత్తో మార్చండి.

డెస్క్‌టాప్ అయితే ఇంకొకటి కూడా చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో కేబుల్ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. మామూలు టవర్ క్యాబినెట్ వెనక నిలువుగా ఉండే పోర్టుల వరుస మదర్‌బోర్డుది, దాని కింద అడ్డంగా ఉండేవి కార్డువి. ఇంత చిన్న విషయానికి విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించుకున్నవాళ్లున్నారు.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయంటే అసలు సంగతిలోకి వద్దాం.

సమస్య: ఛార్జింగ్ ఎక్కుతోంది, మౌస్ పనిచేస్తోంది, బొమ్మ మాత్రం లేదు

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. ల్యాప్‌టాప్ నుంచి మానిటర్‌కి ఒకటే టైప్-సి కేబుల్ పెడతారు. బ్యాటరీ ఎక్కుతుంది. మానిటర్ వెనక పెట్టిన కీబోర్డు, మౌస్ చక్కగా పనిచేస్తాయి. "అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి కేబుల్ బాగానే ఉంది, మానిటర్ ప్యానెలే పోయింది" అని తేల్చేస్తారు. మానిటర్ షాపుకి వెళ్తుంది, అక్కడ బాగానే వెలుగుతుంది, ఇంటికొచ్చాక మళ్లీ చీకటి.

కారణం: అది ఛార్జింగ్ కేబుల్.

టైప్-సి అనేది కనెక్టర్ ఆకారం మాత్రమే. లోపల ఏ తీగలున్నాయో ఆ ఆకారం చెప్పదు. ఆ కనెక్టర్‌లో 24 పిన్నుల చోటుంది. కరెంటుకి కొన్ని, పాత యూఎస్‌బీ 2.0 డేటాకి కొన్ని, వేగంగా డేటా పంపే నాలుగు లేన్లకి (దారులకి) కొన్ని. బొమ్మ వెళ్లేది ఆ వేగపు లేన్ల మీదే. డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ ఆ లేన్లను అప్పుగా తీసుకుంటుంది, దాన్నే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. ఫోన్‌తోనో, ల్యాప్‌టాప్ ఛార్జర్‌తోనో వచ్చే కేబుల్‌లో సాధారణంగా ఆ లేన్ల తీగలే ఉండవు. కరెంటు తీగలు, యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రం ఉంటాయి. మౌస్‌కీ కీబోర్డుకీ యూఎస్‌బీ 2.0 చాలు కాబట్టి అవి పనిచేస్తూనే ఉంటాయి. మనల్ని మోసం చేసేది సరిగ్గా అదే.

ఇంకో మోసం కేబుల్ లావు. 100 వాట్లు, 240 వాట్లు అని రాసి ఉన్న దళసరి కేబుల్ చూడగానే ఇది అన్నింటికీ పనికొస్తుందనిపిస్తుంది. వాట్లకీ బొమ్మకీ సంబంధం లేదు. 240 వాట్ల కేబుల్ కూడా డేటాకొచ్చేసరికి సెకనుకు 480 మెగాబిట్లు దాటని యూఎస్‌బీ 2.0 కేబులే కావచ్చు. దాని మీద చూడాల్సింది గిగాబిట్ల అంకె: 5, 10, 20, 40. ఆ అంకె ఎక్కడా లేకపోతే అది ఛార్జింగ్‌కే అనుకోండి.

అంకె చెరిగిపోయినా, అసలు లేకపోయినా ఇలా తేల్చుకోండి. ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ముందు దాని సొంత కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి ఐదారు గిగాబైట్ల ఫైలు ఒకటి కాపీ చేయండి. వేగం సెకనుకు కొన్ని వందల మెగాబైట్లు వచ్చిందంటే పోర్టు, ఎస్‌ఎస్‌డీ రెండూ బాగున్నట్టే. ఇప్పుడు అదే పోర్టులో, అదే ఎస్‌ఎస్‌డీకి అనుమానం ఉన్న కేబుల్ పెట్టి మళ్లీ కాపీ చేయండి. 40 మెగాబైట్ల చుట్టుపక్కలే పాకుతుంటే దొంగ దొరికినట్టే. మొదటి కాపీ మాత్రం ఎగ్గొట్టకండి. అది చేయకపోతే నెమ్మది పోర్టు తప్పు కేబుల్ మీద పడుతుంది.

పరిష్కారం: మానిటర్ పెట్టెలో వచ్చిన కేబుల్ వెతికి అది పెట్టండి. అది పోయి ఉంటే 10 గిగాబిట్లు, వీడియో రెండూ రాసి ఉన్నది తీసుకోండి. పొడవు 1 మీటరు లోపు ఉంటే తలనొప్పి తక్కువ. ఏది ఏదో తేలాక కేబుల్‌కి టేపు చుట్టి "బొమ్మ" అనో "ఛార్జింగ్" అనో రాసుకోండి, సొరుగులో పడ్డాక అన్నీ ఒకేలా కనబడతాయి.

కేబుల్ మంచిదని తేలినా చీకటేనా? అప్పుడు ల్యాప్‌టాప్ పోర్టుని అనుమానించాలి. పోర్టు పక్కన డి అక్షరంలో పి ఇమిడినట్టుండే డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. బ్యాటరీ బొమ్మ ఒక్కటే ఉంటే అనుమానమే. గుర్తు లేనంత మాత్రాన రాదని కూడా కాదు, మీ మోడల్ నంబరు స్పెసిఫికేషన్లలో "డిస్‌ప్లేపోర్ట్" అన్న మాట ఉందేమో చూడండి. రెండు టైప్-సి పోర్టులుండి, వాటిలో ఒకదానికే ఆ సౌకర్యం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు బోలెడు. అసలు ఏ పోర్టుకీ లేకపోతే ఏ కేబులూ గట్టెక్కించదు. అప్పుడు డిస్‌ప్లేలింక్ రకం డాక్ (ఒకే కేబుల్‌తో మానిటర్, యూఎస్‌బీ పరికరాలు కలిపే పెట్టె) ఒక దారి. అది బొమ్మని కుదించి, మామూలు డేటాగా మార్చి పంపుతుంది. దానికి డ్రైవర్ వేయాలి. ఆఫీసు పనికి ఫర్వాలేదు, గేములకి నేను చెప్పను.

సమస్య: 4కే బొమ్మ వచ్చింది గానీ మౌస్ పాయింటర్ ఈడ్చుకుంటూ కదులుతోంది

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకె) చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటుంది. చాలాసార్లు దీనికి కారణం మధ్యలో పెట్టిన హబ్, అంటే ఒక టైప్-సి పోర్టుని హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లాంటి పలు పోర్టులుగా చేసే పెట్టె. హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం సెకనుకు 10.2 గిగాబిట్లు, 4కేలో 30 హెర్ట్జ్‌తో దాని పని అయిపోతుంది. 60 కావాలంటే 18 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.0 కావాలి. హబ్ పెట్టె మీద "4కే" అని పెద్దక్షరాలతో వేసి, "30 హెర్ట్జ్" అని చీమ తలకాయంత రాస్తారు.

హబ్‌లో హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నా 30 దగ్గరే ఆగిందంటే లేన్ల పంపకం చూడాలి. చాలా హబ్‌లు నాలుగు లేన్లలో రెండు బొమ్మకి, రెండు వేగపు యూఎస్‌బీకి ఇస్తాయి. ల్యాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే ఆ రెండు లేన్ల మీద నికరంగా వెళ్లేది 8.64 గిగాబిట్లు. 4కే 60కి దాదాపు 12.5 కావాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో అదే రెండు లేన్లకి 12.96 వస్తుంది, అంటే ఇరుగ్గానైనా పడుతుంది. అందుకే ఒకే హబ్ ఒకరి ల్యాప్‌టాప్‌లో 60 ఇచ్చి, ఇంకొకరి దాంట్లో 30 ఇస్తుంది. హబ్ చెడ్డదని తిట్టుకోవద్దు.

పరిష్కారం: హబ్ పక్కన పెట్టి టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా కేబుల్ వేయండి. మానిటర్‌కే టైప్-సి ఉంటే దాని మెనూలో రిజల్యూషన్ కావాలా, డేటా వేగం కావాలా అని అడిగే సెట్టింగ్ ఉందేమో చూడండి. రిజల్యూషన్ వైపు పెడితే నాలుగు లేన్లూ బొమ్మకే పోతాయి. మానిటర్ వెనక పెట్టిన ఎస్‌ఎస్‌డీ మాత్రం యూఎస్‌బీ 2.0 వేగానికి పడిపోతుంది.

ఈ వెర్షన్ నంబర్ల గోలలో ఒక్క మాట. 5 గిగాబిట్ల యూఎస్‌బీని 3.0 అన్నారు, తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. వేగం మాత్రం అదే 5. హెచ్‌డీఎంఐ 2.1 అన్న ముద్ర కూడా 48 గిగాబిట్లు వస్తాయని హామీ కాదు. నంబర్ల మీద గంటలు వాదించేవాళ్లు గిగాబిట్ల అంకె చదివితే వాదన రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

సమస్య: హెచ్‌డీఎంఐ ల్యాప్‌టాప్, డిస్‌ప్లేపోర్ట్ మానిటర్, మధ్యలో అడాప్టర్, అయినా చీకటి

అడాప్టర్ తిరగేసి వాడుతున్నారు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు కేబుల్ చాలు, ఎందుకంటే చాలా డిస్‌ప్లేపోర్ట్‌లు హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా ఇవ్వగలవు. ఎదురు దిశలో అది కుదరదు. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి, దానికి పక్కనుంచి యూఎస్‌బీ కరెంటు తీగ కూడా సాధారణంగా ఉంటుంది.

సమస్య: డాక్ పెట్టినప్పటి నుంచీ వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది

మౌస్ బ్యాటరీ మార్చకండి. యూఎస్‌బీ 3 కేబుళ్లు, పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి. దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. మౌస్ రిసీవర్ కూడా ఆ బ్యాండ్‌లోనే వింటుంది. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాక్‌కి దూరంగా, మౌస్‌కి దగ్గరగా తెచ్చి పెట్టండి.

మిగిలినవి అరుదు. సిస్టమ్ ఆపినా మానిటర్ వల్ల అందులో లైటు వెలుగుతుంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌లో కరెంటుకి సంబంధించిన 20వ పిన్ను కలిపేసి ఉంటుంది, కేబుల్ మార్చండి. మ్యాక్‌కి ఎంఎస్‌టీ హబ్ (ఒకే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని పలు మానిటర్లకి పంచేది) పెడితే రెండు మానిటర్లలోనూ ఒకటే బొమ్మ వస్తుంది. మ్యాక్ ఓఎస్ ఎంఎస్‌టీతో రెండు వేర్వేరు తెరలు ఇవ్వదు కాబట్టి సెట్టింగ్స్‌లో వెతకడం దండగ, థండర్‌బోల్ట్ డాక్ చూసుకోండి. అదీ మీ మ్యాక్ చిప్ రెండు బయటి మానిటర్లని నడపగలిగితేనే. మామూలు ఎం1, ఎం2 ఉన్న మ్యాక్‌బుక్‌లు ఒక్కదాన్నే నడుపుతాయి.