ఒకే గొంతు నాటకం వినేటప్పుడు

ఆమదాలవలసలో రైలెక్కితే విజయనగరం వరకు ఆడియో నాటకమే నాకు తోడు. 1963లో మొదలైన బీబీసీ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’ నుంచి పుట్టిన ‘కంపానియన్ క్రానికల్స్’ ఆడియో నాటకాలంటే ప్రాణం. కథ చాలావరకు ఒకరే చెబుతూ ఇతర పాత్రలనూ పలుకుతారు. ఆ ఇంగ్లీషు యాసలో మాట ఎవరిదో తెలియక మాటిమాటికీ వెనక్కి జరపవలసి వచ్చేది.

ఇప్పుడు మొదటి 10 నిమిషాలు ముందురోజు రాత్రి ఇంట్లోనే, 0.85 వేగంతో (మామూలు వేగం 1) వింటున్నాను. చీటీ మీద పేరు, పక్కన గొంతు తీరు: ‘కెప్టెన్, బొంగురు’. అయిదారు పేర్లు చాలు. రైల్లో మళ్లీ మొదటినుంచి, మామూలు వేగంతో. ఎంత హాయిగా సాగుతుందో!

వేగం 0.8 కంటే తగ్గించకండి. మాట సాగిపోయి, గొంతుల మధ్య తేడాలే చెరిగిపోతాయి.