కారు బ్రేకులు మన చేత్తో – 6వ పాఠం: వంగింది డిస్క్ కాదు

ఈసారి వెనక డ్రమ్ములు విప్పుదామని మాట ఇచ్చాను. విప్పడం లేదు. 5వ పాఠంలో ముందు చక్రాల ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్క్‌ని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్ళలు) మార్చడం చెప్పాక నాకు వచ్చిన కబుర్లలో సగానికి పైగా ఒకటే గోల. "ప్యాడ్లు మార్చాం, మీరు చెప్పినట్టే పదిసార్లు బ్రేకు వేశాం, ఇప్పుడు 80లో బ్రేకు తొక్కితే స్టీరింగ్ గడగడా వణుకుతోంది, మెకానిక్ చూసి డిస్క్ బెండయింది, మార్చేయాలన్నాడు."

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోవడానికి "60లో పోతూ పదిసార్లు బ్రేకు వేసి ఆపండి" అని రాశాను. ఆపకూడదు. 10కి తగ్గించి, పెడల్ వదిలేసి, మళ్ళీ 60కి పోవాలి. నాకు రోజూ చేసే పని కాబట్టి కాలికి తెలుసు, రాసేటప్పుడు చేతికి తెలియలేదు. కాగిపోయిన కొత్త ప్యాడ్‌ని కాగిపోయిన డిస్క్ మీద నొక్కిపట్టి నిలబడితే, నూనె రాయని పెనానికి దోసె అంటుకున్నట్టు ప్యాడ్ మసాలా ఆ ఒక్క చోట డిస్క్‌కి అంటుకుపోతుంది. నన్ను నమ్మి అలా చేసినవాళ్ళు కొత్త డిస్కులు కొనకండి. మీ వైద్యం ఈ పాఠంలోనే ఉంది, ఉప్పుకాగితంతో పోతుంది.

ఇక ఆ "బెండు" అనే మాట. డిస్క్ పోత ఇనుము. పోత ఇనుప పెనం చేయి జారి గచ్చు మీద పడితే వంగుతుందా? రెండు ముక్కలవుతుంది. నిజంగా వంగిన డిస్కులు అసలు లేవని కాదు, నా చేతికి వచ్చినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అన్నిటిలో జరిగింది వేరు. డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేదు. ఒక చోట 0.02 మి.మీ. ఎక్కువ, ఇంకో చోట తక్కువ. తల వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు ఆ తేడా. అయినా మందం చోటు వచ్చినప్పుడల్లా ప్యాడ్లు తమని తోసే పిస్టన్‌ని వెనక్కి నెడతాయి, ఆ నెట్టు బ్రేక్ ఆయిల్ గుండా మీ పాదానికీ, సస్పెన్షన్ గుండా స్టీరింగ్‌కీ వస్తుంది. 165/80 ఆర్14 టైరు ఒక చుట్టుకి సుమారు 1.95 మీటర్లు పోతుంది. 90లో అంటే సెకనుకి దాదాపు 13 చుట్లు, 13 నెట్లు. వణక్క ఏం చేస్తుంది?

వణుకు అసలు డిస్క్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. బ్రేకు తొక్కకుండానే వణికితే అది వీల్ బ్యాలెన్సింగో టైరో, ఈ పాఠం మీది కాదు. బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికిందా, ముందు డిస్కులు. స్టీరింగ్ బాగానే ఉండి సీటు కింద అదిరిందా, వెనక డ్రమ్ములు. అనుమానముంటే ఖాళీ రోడ్డు మీద 40లో హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కిపట్టుకునే మెల్లగా లాగి చూడండి, అప్పుడూ అదిరితే డ్రమ్మే. కంకర మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ టకటకా కొట్టుకుంటే అది ఏబీఎస్, దాని పని అది చేసుకుంటోంది.

మందం తేడా రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది అంటుకోవడం. నేను మీ చేత చేయించింది అదే. ఎక్కువమందికి మాత్రం ఘాట్ రోడ్డు మీద వస్తుంది. నలుగురు ఎక్కిన చిన్న కారు, 1,200 కిలోలు అనుకోండి. తిరుమల నుంచి తిరుపతికి దిగితే ఎత్తులో సుమారు 700 మీటర్లు తగ్గుతాం. ఆ బరువు ఆ ఎత్తు దిగడంలో పుట్టే వేడితో 26 లీటర్ల చన్నీళ్ళు మరగబెట్టొచ్చు. రెండో గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజిన్ మింగుతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులకి గాలి కొంత తగ్గించగా మిగతాదంతా బ్రేకుల్లోకే. (కలిసిరాదు కూడా. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలే పోసుకోవు.) అలా దిగి, కింద మొదటి సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కిపట్టి రెండు నిమిషాలు నిలబడతారు. అచ్చు పడిపోతుంది. అచ్చు పడిన చోట రాపిడి ఎక్కువ, కాబట్టి వేడీ ఎక్కువ. అది 700 డిగ్రీల దాకా పోయిందంటే అక్కడి ఇనుము గుణమే మారి సిమెంటైట్ అనే గట్టి మచ్చగా తయారవుతుంది. లేత్ మీద చదును చేసినా నాలుగు వారాల్లో చుట్టూ ఉన్న మెత్తటి ఇనుము అరిగి, మచ్చ పులిపిరిలా మళ్ళీ పైకి తేలుతుంది. నీలం రంగు మచ్చలున్న డిస్క్‌ని నేను లేత్‌కి పంపను, పాత ఇనప సామాన్ల వాడికి ఇస్తాను.

రెండో దారి ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే నాకు చిరాకు, అందుకే సాగదీస్తాను, ఓర్చుకోండి.

భీమవరం నుంచి ఒక టీచరుగారు ఫోన్ చేశారు. "అండీ, ఏడాదిలో రెండుసార్లు కొత్త డిస్కులు వేయించాను. వేసిన మూడు నెలలు వెన్నలా ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. డూప్లికేట్ సరుకు అంటగడుతున్నారా?" బండి తెమ్మన్నాను. చక్రం తీసి, డిస్క్ లాగి, హబ్ (డిస్క్, చక్రం రెండూ బిగించే తిరిగే భాగం) ముఖం మీద లైటు కొట్టి ఆయన్నే చూడమన్నాను. బోల్టుల చుట్టూ, మధ్య బొడిపె చుట్టూ ఉల్లిపొర మందాన తుప్పు. రెండుసార్లూ ఎవరో కొత్త డిస్క్‌ని ఆ తుప్పు మీదే తొడిగి బిగించేశారు.

లెక్క చూడండి. హబ్ ముఖం అడ్డంగా 140 మి.మీ. ఒక అంచున 0.05 మి.మీ. తుప్పు పెచ్చు ఉంది. దాని మీద కూర్చున్న 240 మి.మీ. డిస్క్ అంచుకి వచ్చేసరికి ఆ వంకర 0.08 దాటుతుంది. డిస్క్ కొత్తదే, చదునే, కానీ ఒరిగి తిరుగుతోంది. మొదట్లో మీకేమీ తెలియదు, ఎందుకంటే ప్యాడ్లని పట్టుకునే కాలిపర్ తన పిన్నుల మీద అటూ ఇటూ జరిగి సర్దుకుపోతుంది. అసలు పని బ్రేకు తొక్కనప్పుడు జరుగుతుంది. ఒరిగిన డిస్క్‌లో బయటికి పొడుచుకొచ్చిన చోటు ప్రతి చుట్టుకీ బయటి ప్యాడ్‌ని ఒకసారి గీసుకుంటుంది, దానికి సరిగ్గా ఎదుటి చోటు లోపలి ప్యాడ్‌ని గీసుకుంటుంది. 5,000 కి.మీ. తిరిగితే 25 లక్షల గీతలు. ఆ రెండు చోట్లా డిస్క్ పలచబడుతుంది. ఇదిగో, మూడు నెలలకి మందం తేడా వచ్చేసింది, తిట్లు మాత్రం డిస్కులమ్మిన వాడికి పడ్డాయి.

లేత్ పట్టిస్తే పోతుందిగా అంటారు. లేత్ వాడు డిస్క్‌ని తన మిషన్ మీద బిగించి, తన మిషన్‌కి చదును చేసి ఇస్తాడు. మీరు దాన్ని తెచ్చి మళ్ళీ ఆ తుప్పు మీదే తొడుగుతారు. మళ్ళీ 5,000 కి.మీ., మళ్ళీ 25 లక్షల గీతలు, ఈసారి డిస్క్ ఇంకాస్త పలచన కూడా. బండికే తగిలించి కోసే లేత్ ఉన్న చోట చేయిస్తే ఈ బాధ లేదు, అది ఆ హబ్ తిరిగే తీరుకే చదును చేస్తుంది. ఆ మిషన్ మీ ఊళ్ళో దొరికితే అదృష్టవంతులు.

సరే, పని. చక్రం విప్పడం, స్టాండు వేయడం, కాలిపర్‌ని తీగతో వేలాడగట్టడం మీకు వచ్చు. ఆ దుమ్ము గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. డిస్క్ హబ్‌కి పట్టేస్తే సుత్తి తీయకండి. చాలా మారుతి, టయోటా డిస్కుల్లో టోపీ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీద మరలున్న రెండు ఖాళీ చిల్లులుంటాయి. వాటిలో ఎం8 బోల్టులు రెండు పెట్టి మార్చి మార్చి అరచుట్టు చొప్పున బిగిస్తూ పోతే డిస్క్ టక్కున ఊడి వస్తుంది.

హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో, తర్వాత 80 నంబరు ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. బోల్టుల మొదళ్ళ చుట్టూ కాగితం పోదు. నేను పాత స్క్రూడ్రైవర్‌ని ఉలిలా పదును పెట్టుకుని గీకుతాను. డిస్క్ టోపీ లోపలి ముఖం కూడా అంతే. కొత్త డిస్క్ అయితే దాని మీది నూనె పూతని పెట్రోలుతో కాదు, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. శుభ్రం చేసిన ముఖాల మధ్య గ్రీజు పూయమనేవాళ్ళున్నారు. నేను ఏమీ పూయను.

డిస్క్ తొడిగాక నట్లన్నీ వాషర్లతో బిగించి, డయల్ గేజ్ (వంకరని ముల్లుతో చూపే కొలత పరికరం) అయస్కాంతాన్ని నకిల్‌కి, అంటే హబ్‌ని పట్టుకుని తాను తిరగకుండా ఉండే ఇనుప భాగానికి, అంటించి, సూదిని డిస్క్ అంచు నుంచి 10 మి.మీ. లోపల ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముల్లు 0.05 లోపు ఆడితే బ్రహ్మాండం. మీ బండి మాన్యువల్ 0.1 దాకా ఒప్పుకోవచ్చు, నేను ఒప్పుకోను. ఎక్కువొస్తే డిస్క్ తీసి ఒక బోల్టు చిల్లు జరిపి తొడిగి మళ్ళీ చూడండి. నాలుగు చిల్లులకి నాలుగు రకాల కొలతలొస్తాయి, మంచిది ఉంచుకోండి. టీచరుగారి బండికి మొదట 0.12 ఉంది, తుప్పు గీకితే 0.05, రెండు చిల్లులు జరిపితే 0.03.

మందం కొలవడానికి మైక్రోమీటరే కావాలి. వెర్నియర్‌కి 0.01 కనపడదు, పైగా డిస్క్ అంచున అరగని గట్టు మీద కూర్చుని అబద్ధం చెబుతుంది. కనీస మందం డిస్క్ మీదే అచ్చు పోసి ఉంటుంది. కొలత దానికి దగ్గరపడితే లేత్ మాట మరిచిపోండి. అచ్చు పడింది తప్ప మందం బాగానే ఉందంటే 120 నంబరు ఉప్పుకాగితం డిస్క్‌కీ ప్యాడ్లకీ రుద్ది, ఈసారి ఆగకుండా, 60 నుంచి 10కి పదిసార్లు. తర్వాత పది నిమిషాలు బ్రేకు జోలికి పోకుండా గాలికి తిప్పండి.

ఇంత చేసి ఆఖర్న పంక్చర్ షాపులో పాడుచేసుకుంటారు. "చేత్తో బిగించు తమ్ముడూ" అంటే "గన్నుతో రెండు నిమిషాల్లో అయిపోద్ది సార్" అంటాడు. ఒక నట్టు చచ్చేంత, పక్కది సగం. డిస్క్‌ని హబ్‌కి నొక్కిపట్టేది కూడా ఆ నట్లే కదా, బిగువులు ఎగుడుదిగుడైతే మీరు సాధించిన 0.03 పోయినట్టే. ఆ బిగువు చిన్న కార్లకి మామూలుగా 100 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉంటుంది. 30 సెంటీమీటర్ల పానా చివర 34 కిలోల బరువు పెడితే అంత. 60 కిలోల మనిషి 40 సెంటీమీటర్ల పానా ఎక్కి నిలబడ్డాడా, 235. బిగువు ఎంతో చూపించే టార్క్ రెంచ్ కొనండి. కొనలేకపోతే ఎదురెదురు నట్లు మూడు విడతల్లో బిగించండి, ప్రతి నట్టుకీ అదే చేయి, అదే పానా.

అభ్యాసం అడుగుతారని మరిచిపోయాను. రెండు ముందు డిస్కుల మీదా గడియారంలా 12 చోట్ల సుద్దతో గుర్తు పెట్టి, ఒక్కోచోట మందం, డయల్ గేజ్ కొలత రాయండి. తర్వాత డిస్క్ తీసి, తుడిచి, ఒక చిల్లు జరిపి తొడిగి మళ్ళీ 12 చోట్లా రాయండి. చిల్లులన్నీ అయ్యేదాకా. నాలుగు బోల్టుల బండికి 96 డయల్ గేజ్ కొలతలు, 24 మందాలు. ఆదివారం పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేస్తారు. ఆ కాగితం దాచుకోండి, డ్రమ్ముల పాఠంలో పక్కన పెట్టుకుని చదవాల్సి ఉంటుంది.