బ్రౌన్‌స్టోన్ ఇంట్లో కాపురం: బ్రుక్లిన్ పాత పేటల్లో ఇల్లు చూసుకునేవారికి

న్యూయార్క్ నగరపు బ్రుక్లిన్‌లోని పార్క్ స్లోప్, ఫోర్ట్ గ్రీన్, కాబుల్ హిల్ పేటల్లోనూ, మనవాళ్ళు ఎక్కువగా ఉండే జెర్సీ సిటీలో హామిల్టన్ పార్కు, వాన్ వోర్స్ట్ పార్కు చుట్టుపక్కల వీధుల్లోనూ ఒకే గోడను పంచుకుంటూ బారులు తీరిన ముదురు గోధుమరంగు ఇళ్ళు కనిపిస్తాయి. వీటినే బ్రౌన్‌స్టోన్ ఇళ్ళంటారు. వీటిలో చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో కట్టినవి. ముందుగా తెలుసుకోవలసినది ఏమిటంటే, ఇవి రాతి ఇళ్ళు కావు. కనెక్టికట్‌లోని పోర్ట్‌లండ్ నుంచీ, న్యూజెర్సీ గనుల నుంచీ తెచ్చిన ఇసుకరాయిని నాలుగైదు అంగుళాల మందాన వీధివైపు తొడిగారే తప్ప వెనక ఉన్నదంతా ఇటుక గోడే. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. ఈ ఇళ్ళలో వచ్చే ఇబ్బందులలో సగం ఈ రాతి తొడుగు వల్ల వచ్చేవి, మిగిలిన సగం పాత గొట్టాల వల్ల వచ్చేవి.

అద్దెకు వెతికేటప్పుడు ఏ అంతస్తు అన్నది అద్దె ఎంత అన్నదానితో సమానమైన ప్రశ్న. వీధి నుంచి పది పన్నెండు మెట్లెక్కి చేరేది పార్లర్ అంతస్తు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, చెక్కడపు పనితనం అన్నీ అక్కడే ఉంటాయి, చలికాలంలో వేడి నిలవనిదీ అక్కడే. మెట్ల కింది చిన్న తలుపులోంచి వెళ్ళేది గార్డెన్ అంతస్తు. పెరడు దక్కుతుంది కానీ వెలుతురు తక్కువ, చెమ్మ ఎక్కువ. పై అంతస్తుకు ఎండ బాగా వస్తుంది, అయితే బియ్యం బస్తా మోసుకుని మూడు వరుసల మెట్లు ఎక్కాలి. ఈ ఇళ్ళలో లిఫ్టు ఉండడం అరుదు. వీటన్నిటికీ అడుగున ఉండే సెల్లార్‌ను మాత్రం ఎంత చవకగా ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. సగానికి పైగా వీధి మట్టానికి దిగువన ఉన్నదాన్ని న్యూయార్క్ నగరం సెల్లార్‌గా లెక్కిస్తుంది, కనీసం సగం పైకి ఉంటే బేస్‌మెంట్ అంటుంది. ప్రకటనల్లో ఈ రెంటినీ కలిపేస్తూ ఉంటారు. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను అవశేషాలు నగరాన్ని ముంచెత్తినప్పుడు ప్రాణాలు పోయినవారిలో ఎక్కువమంది నేలమట్టానికి దిగువన ఉన్న గదుల్లోనివారే.

ఇల్లు చూడడానికి వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్ళండి. పై అంతస్తులో వెనకగోడ మూలలను, కప్పును తేరిపార చూడండి, ఎందుకంటే ఈ ఇళ్ళ డాబా సాధారణంగా వెనక్కి వాలుగా ఉంటుంది, వాననీటి గొట్టం పూడితే మొదట చెమ్మ కనిపించేది అక్కడే. కొళాయి, షవరు ఒకేసారి విప్పి నీటి ధార తగ్గుతోందేమో గమనించండి. ఒక్కో గదిలో ప్లగ్ పాయింట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి; పాత వైరింగు మీద మైక్రోవేవ్, ఏసీ కలిపి నడిపితే ఫ్యూజు పోవడం ఖాయం. ఆ చిరునామా మీద నమోదైన ఉల్లంఘనలను నగర గృహనిర్మాణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. సంతకానికి ముందు ఆ పని తప్పక చేయండి. చివరగా థర్మోస్టాట్ ఎవరి వాటాలో ఉందో అడగండి. నాలుగు కుటుంబాల వేడి ఒకరి చేతిలో ఉంటే ఆ ఒకరి ఒంటితత్త్వం మీకు చలికాలమంతా తెలుస్తుంది.

వేడి విషయంలో న్యూయార్క్ నగర చట్టం స్పష్టంగా ఉంది. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, పగలు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి వేళ బయట ఎంత ఉన్నా లోపల 62కు తగ్గకూడదు. తగ్గితే రోజూ వేళతో సహా రాసిపెట్టుకుని, యజమానికి చెప్పినా మారకపోతే నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేయండి.

చాలా ఇళ్ళలో ఈ వేడి ఆవిరితో కాగే ఇనుప రేడియేటర్ల ద్వారా వస్తుంది, దాని సంగతి తెలియకపోతే నిద్ర ఉండదు. నేను దిగిన మొదటి శీతాకాలంలో గది ఉక్కపోస్తోందని రేడియేటర్ పాదం దగ్గరి కవాటాన్ని, గ్యాస్ మంట తగ్గించినట్టు, సగం తిప్పి పడుకున్నాను. తెల్లవారుజామున ఎవరో సుత్తితో గొట్టాన్ని బాదుతున్నట్టు మోత. లేచి చూస్తే చెక్క నేల మీద తుప్పునీళ్ళు. ఒకే గొట్టం ఉన్న పద్ధతిలో ఆవిరి పైకి వచ్చేదీ, చల్లబడి నీరై తిరిగి దిగేదీ ఆ ఒక్క దారినే. కవాటం సగం మూస్తే దిగవలసిన నీటికి ఎక్కే ఆవిరి అడ్డుపడుతుంది. అందుచేత దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి, మధ్యేమార్గం లేదు. రేడియేటర్ కవాటం వైపు కాస్త వాలి ఉండాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి చూసి, అటు వాలకపోతే అవతలి కాళ్ళ కింద పలచని చెక్క ముక్క పెడితే మోత చాలాసార్లు ఆగిపోతుంది. రెండో చివర బుడిపెలా ఉండేది గాలి బయటికి పోయే వెంటు. ఆవిరి రాగానే అది బుసకొట్టడం ఆపాలి. ఆపకుండా ఈల వేస్తున్నా, నీళ్ళు చిమ్ముతున్నా చెడిపోయిందని అర్థం. బాయిలర్ ఆగి, రేడియేటర్ చల్లబడ్డాక మరతిప్పి మార్చగలిగినంత చిన్న వస్తువే అది. గది మరీ వేడెక్కుతుంటే యజమానిని అడిగి, దాని స్థానంలో వేడిని సవరించుకునే వెంటు పెట్టించుకోవచ్చు.

మన వంటకు ఈ ఇళ్ళు కట్టలేదు. పొయ్యి పైన హుడ్ కనిపించినా అది చాలాచోట్ల పొగను జల్లెడ పట్టి మళ్ళీ గదిలోకే వదిలేది, బయటికి గొట్టం ఉండదు. ఎండుమిర్చి పోపు వేసిన అర నిమిషానికి అలారం మోగుతుంది, ఆ కోరు మెట్లదారి పొగగొట్టంలా పైవాటాకు చేర్చుతుంది. అలారం బ్యాటరీ మాత్రం తీయకండి. చెక్క దూలాల ఇల్లు అది. వంటింటి దగ్గర ఫోటోఎలక్ట్రిక్ రకం పెట్టించమని అడగండి, అది వంట పొగకు అంత తొందరగా అరవదు. వెనక కిటికీలో బయటికి ఊదే ఫ్యాను పెట్టి, మెట్లవైపు తలుపు మూసి, పోపు చివర్లో వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. చేపల వేపుడు రోజున ముందుగా పొరుగువారితో ఒక మాట అనడం నా పద్ధతి. ఒక గిన్నె పంపితే ఇంకా మంచిది.

పసిపిల్లలున్నవారు సీసం సంగతి ఉపేక్షించకూడదు. న్యూయార్క్ నగరం ఇళ్ళలో సీసపు రంగును 1960లో నిషేధించింది కాబట్టి, అంతకు ముందు కట్టిన ఈ ఇళ్ళ అడుగు పూతల్లో అది ఉందనే అనుకోవాలి. ఆరేళ్ళలోపు బిడ్డ ఉన్న వాటాను యజమాని ఏటా తనిఖీ చేయించాలని 2004 నాటి నగర చట్టం చెబుతోంది; ఆయన పంపే నోటీసుకు బిడ్డ ఉన్నట్టు రాసి సంతకం చేసి పంపండి. పైకీ కిందికీ జరిపే పాత కిటికీ రెక్కల ఒరిపిడికి దుమ్ము రాలుతుంది, దాన్ని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. తాగునీటిలో సీసం పరీక్షకు నగరమే ఉచితంగా సీసాలు పంపుతుంది, 311కు అడిగితే చాలు. మూడు అంతకంటే ఎక్కువ వాటాలున్న ఇంట్లో పదేళ్ళు, ఆలోపు పిల్లలుంటే కిటికీ కటకటాలు బిగించే బాధ్యతా యజమానిదే.

చారిత్రక ప్రాంతంలో ఇల్లు కొనేవారికి రెండో యజమాని ఒకరుంటారు: పాత కట్టడాల రూపం చెడకుండా చూసే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్. 1963లో పెన్సిల్వేనియా స్టేషను కూల్చివేత మొదలైనప్పుడు రేగిన ఆగ్రహం వెనకాల 1965లో ల్యాండ్‌మార్క్స్ చట్టం వచ్చింది, ఆ ఏడే బ్రుక్లిన్ హైట్స్ నగరంలో మొదటి చారిత్రక ప్రాంతమైంది. పార్క్ స్లోప్‌కు 1973లో ఆ హోదా దక్కింది. సరిహద్దు ఒక్కోసారి వీధి మధ్యలోంచి పోతుంది కనుక, ఎదురింటికి లేని నియమం మీకుండవచ్చు. పగిలిన అద్దం మార్చడానికీ, ఉన్న రంగే మళ్ళీ వేయడానికీ అనుమతి అక్కరలేదు. వీధివైపు కిటికీలు, తలుపు, మెట్ల కమ్మీ మార్చాలన్నా, డాబా మీద ఏసీ యంత్రం పెట్టాలన్నా ముందు అనుమతి కావాలి. పాత యజమాని అనుమతి లేకుండా పెట్టిన ప్లాస్టిక్ కిటికీల ఉల్లంఘన ఇంటితోపాటు మీకే సంక్రమిస్తుంది. కొనే ముందు లాయరుతో ఈ రికార్డును విడిగా వెతికించండి.

ఇక రాయి. ఇసుకరాయి పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడుతుంది. గనిలో పడుకుని ఉన్న ఆ పొరలను గోడకు తొడిగేటప్పుడు చాలామంది తాపీవాళ్ళు నిలబెట్టారు. నీరు పొరల మధ్య చేరి, గడ్డకట్టి ఉబ్బి, కడప రాయి పలకలుగా విడిపోయినట్టు రేకులు ఊడదీస్తుంది. వేళ్ళ కణుపులతో మెల్లగా తట్టి చూడండి, డొల్లగా మోగిన చోటల్లా లోపల విడిపోయిందన్నమాట. మరమ్మతు అంటే గట్టి పొర తగిలేదాకా చెక్కి, రాతి రంగు కలిపిన గచ్చును పొరలుగా వేసి, చేత్తో రాయిలా మలచడం. ఇసుక ధారతో శుభ్రం చేస్తామనేవారినీ, మెరిసే పూత వేసి నీరు దూరకుండా చేస్తామనేవారినీ గుమ్మంలోంచే పంపేయండి. మొదటిది రాతి చర్మాన్ని లేపేస్తుంది, రెండోది లోపలి చెమ్మను బంధిస్తుంది. వెనక ఇటుక గోడ సందుల్లోనూ ఇదే న్యాయం. అది సున్నం గచ్చుతో కట్టిన గోడ. మన పాత మండువా ఇళ్ళకు గానుగ సున్నం వాడినట్టే అక్కడా మెత్తటి సున్నమే గోడను ఊపిరి పీల్చనిస్తుంది. గట్టి సిమెంటుతో సందులు నింపితే చెమ్మ బయటికి పోయే దారిలేక ఇటుకే పగులుతుంది.

వీధి మెట్లను ఇక్కడ స్టూప్ అంటారు, డచ్చివారి నుంచి వచ్చిన మాట అది. వాడుకలో మాత్రం మన వీధి అరుగే: సాయంత్రం కూర్చుంటారు, పాత సామాను అమ్ముతారు, చదివేసిన పుస్తకాలు పెట్టి వెళతారు. సంక్రాంతికి బియ్యప్పిండితో ముగ్గు వేసుకోవచ్చు. పసుపు, కుంకుమ మాత్రం రాతి మీద నేరుగా పెట్టకండి, పీల్చుకున్న రాయి వదలదు. పగలు మంచు ఆగితే నాలుగు గంటల్లో, రాత్రి 9 తర్వాత ఆగితే మర్నాడు ఉదయం 11 లోపు ముందరి కాలిబాటను ఊడ్చే బాధ్యత ఇంటివారిదే. మంచు కరగాలని మెట్ల మీద మామూలు ఉప్పు చల్లితే అది రాతిలోకి దిగి వసంతానికల్లా అంచులను పొడిగా రాలుస్తుంది. ఇసుక చల్లుకోండి, లేదా కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ అని రాసి ఉన్న సంచి కొనుక్కోండి. ధర ఎక్కువే, కానీ ఒక్క మెట్టు మళ్ళీ మలిపించే కూలితో పోలిస్తే ఏమీ కాదు.